మాచు పిచ్చు, కుస్కో, పవిత్ర లోయ: ఇన్కా శిథిలాల గైడెడ్ టూర్‌ను వరుస తప్పకుండా ప్లాన్ చేసుకోవడం ఎలా

పెరూ యాత్రలు ఎక్కువగా చెడిపోయేది డబ్బు చాలక కాదు, వరుస తప్పి. ముందు విమానం టికెట్లు, తర్వాత హోటళ్ళు, అన్నీ అయ్యాక తీరిగ్గా, ఒకప్పుడు ఆండీస్ కొండలను ఏలిన ఇన్కాల కొండ మీది ఊరు మాచు పిచ్చుకు టికెట్ అనుకుంటే, జూన్, జూలై నెలల్లో కావలసిన రోజుకు కావలసిన దారి దొరకదు. ఇన్కాల ఒకప్పటి రాజధాని కుస్కోలో దిగిన మర్నాడే ఐదు వేల మీటర్ల కొండకు టూర్ పెట్టుకుంటే, ఆ రోజంతా తలనొప్పితో బస్సు సీట్లోనే గడిచిపోతుంది. అందుకే ఏది ముందు తేల్చుకోవాలి, ఏది తర్వాత చూసుకోవచ్చు అన్న క్రమంలోనే ఈ మార్గదర్శి రాస్తున్నాను. ఈ క్రమం పాటిస్తే ఆ రాళ్ళ ముందు ప్రశాంతంగా నిలబడి చూసే సమయం మిగులుతుంది. అంత దూరం వెళ్ళేది దానికోసమే కదా.

1. నెల, రోజులు ముందు తేల్చుకోండి

ఆండీస్ కొండల్లో ఉన్నవి రెండే కాలాలు. మే నుంచి సెప్టెంబరు దాకా పొడి కాలం, నవంబరు నుంచి మార్చి దాకా వానలు. ఏప్రిల్, అక్టోబరు మధ్యస్థంగా ఉంటాయి. నా మాట వింటే ఏప్రిల్ చివర గానీ, సెప్టెంబరులో గానీ వెళ్ళండి. కొండలు పచ్చగానో, ఆకాశం తేటగానో, ఏదో ఒకటి గ్యారంటీగా దక్కుతుంది. జనం కూడా కాస్త తక్కువ. జూన్ 24న కుస్కోలో ఇంతి రైమి, అంటే సూర్యుడి పండుగ, సక్సయ్‌వామాన్ కోట మైదానంలో ఘనంగా జరుగుతుంది. అది చూడాలనుకుంటే హోటళ్ళ ధరలు పెరుగుతాయని ముందే అనుకుని వెళ్ళాలి.

జనవరి, ఫిబ్రవరి మాత్రం వద్దనే చెబుతాను. 2010 జనవరిలో ఉరుబంబా నది పొంగి రైలు పట్టాలు కొట్టుకుపోతే, వేలమంది పర్యాటకులు మాచు పిచ్చు కింది ఊళ్ళో చిక్కుకుపోయారు. వాళ్ళను హెలికాప్టర్లలో తరలించాల్సి వచ్చింది. మాచు పిచ్చుకు నడిచి వెళ్ళే పాత రాతిబాట ఇన్కా ట్రెయిల్‌ను మరమ్మతుల కోసం ఏటా ఫిబ్రవరి నెలంతా మూసేస్తారు.

రోజుల లెక్కకు వస్తే, లీమాలో దిగినప్పటి నుంచి కనీసం ఎనిమిది రోజులు పెట్టుకోండి. నాలుగు రోజుల్లో అన్నీ చూపిస్తామనే ప్యాకేజీలు ఉన్నాయి గానీ, అవి ఎత్తుకు అలవాటుపడే సమయాన్ని మింగేసి చేసినవి. ఒక రోజు ఖాళీగా ఉంచుకోవడం కూడా అవసరం. పెరూలో సమ్మెలు, రాస్తారోకోలు మామూలే. 2023 ఆరంభంలో దేశంలో రాజకీయ ఆందోళనల వల్ల మాచు పిచ్చునే కొన్ని వారాలపాటు మూసేశారు.

2. వీసా, ఎల్లో ఫీవర్ టీకా

భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకు పెరూ వీసా కావాలి. అయితే అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంగెన్ దేశాల్లో ఏదో ఒకదాని వీసా కనీసం ఆరు నెలల గడువుతో ఉన్నా, అక్కడ శాశ్వత నివాస హక్కు ఉన్నా, పర్యటనకు విడిగా వీసా అక్కర్లేదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన తెలుగువాళ్ళు పెరూకు ఎక్కువగా వెళ్ళడానికి ఇదో కారణం. పిల్లల దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకూ ఇది వర్తిస్తుంది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు పెరూ రాయబార కార్యాలయంతో మరొక్కసారి నిర్ధారించుకోండి.

హెచ్1బి మీద ఉన్నవాళ్ళు ఇంకొక్కటి చూసుకోవాలి. పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయి, చేతిలో ఐ-797 అనుమతి పత్రం మాత్రమే ఉంటే, పెరూ వెళ్ళి తిరిగి అమెరికాలోకి రాలేరు. కెనడా, మెక్సికోలకు ఉన్న వెసులుబాటు పెరూకు లేదు.

ఎల్లో ఫీవర్ సంగతి చాలామందికి ఎయిర్‌పోర్ట్‌లో గానీ తెలియదు. కుస్కో, మాచు పిచ్చులకు ఆ టీకా అవసరం లేదు, అది అమెజాన్ అడవి ప్రాంతపు జబ్బు. కానీ పెరూ నుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే, మన అధికారులు టీకా కార్డు అడుగుతారు. లేకపోతే క్వారంటైన్‌లో ఉంచే అధికారం వాళ్ళకు ఉంది. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. అరవై దాటిన పెద్దవాళ్ళకు ఈ టీకా పడుతుందో లేదో డాక్టరు చెప్పాలి. అమెరికా నుంచి అమ్మానాన్నలను తీసుకెళ్ళేవాళ్ళు, వాళ్ళ ఇండియా టికెట్‌ను పెరూ నుంచి వచ్చిన వారం పది రోజుల తర్వాతకు పెట్టుకుంటే ఈ టెన్షనే ఉండదు.

3. అన్నిటికంటే ముందు మాచు పిచ్చు టికెట్

మిగతా యాత్ర మొత్తాన్ని ఈ ఒక్క టికెట్ చుట్టూ అల్లుకోవాలి. పెరూ సాంస్కృతిక శాఖ నడిపే తు బొలేతో అనే వెబ్‌సైట్లో నేరుగా కొనొచ్చు, లేదా మీ టూర్ కంపెనీ కొని పెడుతుంది. పాస్‌పోర్ట్ నంబరు మీదే ఇస్తారు కాబట్టి, ఈ మధ్యలో పాస్‌పోర్ట్ రెన్యువల్ చేయించుకునేవాళ్ళు ఆ పని ముందే ముగించాలి. విదేశీ పెద్దలకు మామూలు టికెట్ 152 సోల్‌లు (పెరూ కరెన్సీ), పక్కనున్న కొండ శిఖరం ఎక్కే టికెట్ 200 సోల్‌లు. కొనే రోజున ధర మరోసారి చూసుకోండి.

టికెట్ మీద తేదీ, గంటతోపాటు సర్క్యూట్, అంటే లోపల ఏ భాగం చూడొచ్చో కూడా రాసి ఉంటుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. 2024 జూన్ నుంచి మూడు సర్క్యూట్లు, వాటిలో పది దారులు పెట్టారు. మొదటి సర్క్యూట్ పై నుంచి చూసేది. అందరికీ తెలిసిన ఆ ఫొటో అక్కడి నుంచే వస్తుంది, కానీ ఊరి లోపలికి పోనివ్వరు. రెండోది పై దృశ్యమూ చూపిస్తుంది, కట్టడాల మధ్యకూ తీసుకెళ్తుంది. మూడోది కింది భాగంలో నడిచేది. వాయ్నా పిచ్చు శిఖరానికి వెళ్ళేవాళ్ళది ఇదే సర్క్యూట్. ఒక్కసారే వెళ్ళేటట్టయితే రెండో సర్క్యూట్ తీసుకోండి. అది దొరక్కపోతే ఒకటి, మూడు కలిపి రెండు టికెట్లు కొని రెండు పూటలు వెళ్ళండి. డబ్బు ఎక్కువైనా వృథా కాదు. ఒకసారి బయటికి వస్తే అదే టికెట్ మీద మళ్ళీ లోపలికి పంపరు.

రోజుకు 4,500 మందిని, రద్దీ రోజుల్లో 5,600 మందిని మాత్రమే పంపుతారు. ఆన్‌లైన్‌లో అయిపోతే కింది ఊరు ఆగువాస్ కాలియెంతెస్‌లో మర్నాటికోసం కొన్ని టికెట్లు కౌంటర్లో అమ్ముతారు. దాన్ని నమ్ముకుని మాత్రం బయల్దేరకండి.

టికెట్ చేతికి వచ్చాక రైలు, రైలు తర్వాత హోటళ్ళు, చివరికి లీమా–కుస్కో విమానం. ఇదే వరుస.

4. రైల్లోనా, నడిచా?

రైలు మార్గం తేలిక. పవిత్ర లోయలోని ఒయంతాయ్‌తాంబో ఊరి నుంచి ఆగువాస్ కాలియెంతెస్‌కు రైల్లో గంటా ముప్పావు. నది పక్కనే పోతుంది, కొండ గాలి పోయి క్రమంగా అడవి గాలి తగులుతుంది. పెద్ద సూట్‌కేసులు రైల్లోకి ఎక్కనివ్వరు. అవి హోటల్లో వదిలి, ఒక రాత్రికి సరిపడా చిన్న బ్యాగుతో వెళ్ళాలి. కింది నుంచి కొండ మీదికి బస్సులో దాదాపు అరగంట.

కారులో హిద్రోఎలెక్త్రికా అనే రైల్వే స్టేషన్ దాకా వెళ్ళి అక్కడి నుంచి పట్టాల పక్కన పది కిలోమీటర్లు నడిచే చవక దారి కూడా ఉంది. కుర్రాళ్ళకు ఫర్వాలేదు. పెద్దవాళ్ళతో గానీ, వానల్లో గానీ ఆ ఘాట్ రోడ్డు జోలికి పోకండి.

ఇన్కా ట్రెయిల్ నాలుగు రోజుల నడక, 43 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. రైలు మార్గంలో 82వ కిలోమీటరు దగ్గర మొదలవుతుంది. లైసెన్సు ఉన్న కంపెనీతో తప్ప సొంతంగా వెళ్ళనివ్వరు. రోజుకు 500 మందికే అనుమతి. అందులో గైడ్లు, పోర్టర్లు పోగా యాత్రికులు రెండు వందల మంది మిగులుతారు. మే నుంచి ఆగస్టు మధ్య వెళ్ళాలంటే ఆరు నెలల ముందే బుక్ చేయాలి.

రెండో రోజు వార్మి వన్యుస్కా కనుమ ఎక్కాలి, ఎత్తు 4,215 మీటర్లు. కష్టమంతా అక్కడే. అది దాటాక మూడో రోజు దొరికేదాన్ని మాత్రం రైలు ఇవ్వలేదు. రుంకురకాయ్, సాయక్‌మార్కా, ఫుయుపాతామార్కా, చివర విన్యాయ్ వాయ్నా, ఒక్కొక్క శిథిలమూ కొండ మలుపు తిరగ్గానే ఎదురవుతుంది. ఇన్కాల రాతిబాట మీదే నడుస్తూ వాళ్ళు కట్టినవాటిని వాళ్ళు చూసిన వరుసలోనే చూస్తాం. నాలుగో రోజు తెల్లవారుజామున ఇంతి పుంకు (సూర్య ద్వారం) దగ్గర మాచు పిచ్చు కింద కనిపిస్తుంది. మోకాళ్ళు బాగున్నవాళ్ళు ఈ దారి వదులుకోవద్దని గట్టిగా చెబుతాను. అంత ఓపిక లేకపోతే 104వ కిలోమీటరు దగ్గర రైలు దిగి, విన్యాయ్ వాయ్నా మీదుగా ఒక్క రోజులో వచ్చే చిన్న దారి ఉంది. దానికీ పర్మిట్ కావాలి.

పర్మిట్ దొరకని వాళ్ళకు సల్కంతాయ్ ట్రెక్ ఉంది. 6,271 మీటర్ల మంచు శిఖరం పక్కనుంచి, 4,600 మీటర్ల కనుమ మీదుగా వెళ్తుంది. ఆ దారిలో ప్రకృతే ఎక్కువ, శిథిలాలు తక్కువ.

5. కంపెనీని, గైడ్‌ని పరీక్షించండి

కుస్కోలో టూర్ ఏజెన్సీలకు కొదవ లేదు. అసలు తేడా వచ్చేది గైడ్ దగ్గర. బుక్ చేసే ముందు మెయిల్లోనో వాట్సాప్‌లోనో ఇవి అడగండి: గ్రూపులో గరిష్ఠంగా ఎంతమంది, గైడ్‌కు అధికారిక గుర్తింపు కార్డు ఉందా, ఇన్కాల నాటి స్థానిక భాష కెచువా వచ్చా, మాచు పిచ్చులో ఏ సర్క్యూట్ టికెట్ ఇస్తున్నారు, టికెట్ల ఖర్చు ధరలో కలిసే ఉందా. "అన్నీ కలిపే" అని ఒక్క ముక్కలో జవాబిస్తే విడివిడిగా రాసి పంపమనండి. చవక టూర్లలో ప్రవేశ రుసుములు, భోజనం తర్వాత బయటపడతాయి.

గైడ్ ఎలాంటివాడో తేలడానికి ఒక ప్రశ్న చాలు: మాచు పిచ్చును కనిపెట్టింది ఎవరు? 1911లో అమెరికన్ అన్వేషకుడు హైరం బింగమ్ అని చెప్పి ఊరుకుంటే అతను పుస్తకం ముక్క అప్పజెబుతున్నట్టు. మంచి గైడ్ అక్కడితో ఆగడు. బింగమ్‌ను పైకి తీసుకెళ్ళింది మెల్చోర్ ఆర్తేగా అనే స్థానిక రైతని, అప్పటికే ఆ మెట్ల పొలాల్లో కొన్ని కుటుంబాలు సాగు చేసుకుంటున్నాయని, 1902లోనే అగుస్తీన్ లిసర్రాగా అనే ఆయన అక్కడ గోడ మీద తన పేరు రాసి వెళ్ళాడని చెబుతాడు. ఆ రాళ్ళను గ్రహాంతరవాసులు పేర్చారని చెప్పే గైడ్ దొరికితే కంపెనీకి చెప్పి మార్పించండి. ఆ కట్టుబడి వెనక ఉన్నది మనుషుల చెమట. ఆ మనుషుల మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనే ఉన్నారు.

ట్రెక్‌కు వెళ్ళేవాళ్ళు పోర్టర్ల గురించి తప్పక అడగాలి. ఒక్కో పోర్టరు మోసే బరువు 20 కిలోలు దాటకూడదని నిబంధన ఉంది, దారి మొదట్లో తూకం వేస్తారు. వాళ్ళు ఎక్కడ పడుకుంటారు, వాళ్ళకు కింద పరుచుకునే చాపలు, వానకోట్లు ఇస్తారా, భోజనం మీకు పెట్టేదేనా అని అడగండి. మిగతా అందరికంటే బాగా చవగ్గా ఇస్తున్నారంటే ఆ తగ్గింపు చాలాసార్లు పోర్టర్ల కూలిలోంచే వస్తుంది. ఈ ఒక్క విషయంలో బేరం ఆడకండి.

6. ముందు కిందికి, తర్వాత పైకి

కుస్కో ఎత్తు దాదాపు 3,400 మీటర్లు. గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే. లీమా నుంచి గంటా ఇరవై నిమిషాల్లో విమానం మనల్ని సముద్రం ఒడ్డు నుంచి అక్కడికి చేరుస్తుంది. శరీరానికి ఆ వేగం పట్టదు.

అందుకే కుస్కోలో దిగగానే అక్కడ ఉండిపోకుండా, కారెక్కి నేరుగా ఉరుబంబా లోయకు దిగిపోండి. పవిత్ర లోయ అని పిలిచేది దాన్నే. ఉరుబంబా, ఒయంతాయ్‌తాంబో ఊళ్ళు 2,800 మీటర్ల ప్రాంతంలో ఉంటాయి. మాచు పిచ్చు ఇంకా తక్కువ, 2,430 మీటర్లే. ముందు లోయ, తర్వాత మాచు పిచ్చు, ఆ తర్వాత కుస్కో, చివర ఎత్తు కొండలు. చాలా ప్యాకేజీలు కుస్కోతో మొదలుపెడతాయి. వాళ్ళకు అది వీలు, మీకు కాదు. మార్చమని అడిగితే మారుస్తారు.

మొదటి రెండు రోజులు నీళ్ళు బాగా తాగండి, రాత్రి భోజనం తేలిగ్గా చేయండి, మద్యం ముట్టకండి. హోటల్ వరండాలో కోకా ఆకుల టీ పెట్టి ఉంటుంది, కాస్త ఉపశమనం ఇస్తుంది. మున్యా అనే కొండ పుదీనా టీ కడుపుబ్బరానికి మంచిది. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందికి ఎసిటజోలమైడ్ మాత్రలు చాలామందికి పనిచేస్తాయి, కానీ సల్ఫా మందులు పడనివాళ్ళు ఉంటారు కాబట్టి ఊళ్ళో డాక్టరు రాసిస్తేనే వాడండి. బీపీ, గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్న పెద్దవాళ్ళకు ఈ సంప్రదింపు తప్పనిసరి.

తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మామూలే, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా, దగ్గుతో నురగ పడుతున్నా, మాట తడబడి నడక తూలుతున్నా అది వేరే సంగతి. తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా వెంటనే కిందికి దిగాలి, ఆసుపత్రికి వెళ్ళాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఎంత ఎత్తు దాకా వర్తిస్తుందో చదవండి. కొన్ని పాలసీలు ఒక ఎత్తు దాటితే చెల్లవు.

7. లోయలో ఏం చూడాలి, ఎలా చూడాలి

లోయకూ కుస్కోకూ కలిపి బొలేతో తురీస్తికో అనే ఉమ్మడి టికెట్ ఉంది. పూర్తిది 130 సోల్‌లు, పది రోజులు చెల్లుతుంది. పీసాక్, ఒయంతాయ్‌తాంబో, మొరాయ్, చించెరో, సక్సయ్‌వామాన్ అన్నీ ఇందులోనే. మారాస్ ఉప్పు మడులకు, కుస్కోలోని సూర్యాలయం కోరికాంచకు విడిగా కట్టాలి. నగదు దగ్గర ఉంచుకోండి. చిరిగిన డాలరు నోట్లు అక్కడ ఎవరూ తీసుకోరు.

పీసాక్‌లో టూర్ బస్సులు అరగంట ఆపి కింది సంతకు తీసుకెళ్ళిపోతాయి. పై గేటు దగ్గర దిగి శిథిలాల మధ్యగా కిందికి నడిచే టూర్ ఎంచుకోండి. ఎదురు కొండ చరియలో గుంతలు గుంతలుగా కనిపించేవి ఇన్కాల సమాధులు.

మారాస్‌లో కొండలోంచి వచ్చే ఉప్పునీటి ఊట ఒక్కటే. సన్నని కాలువల గుండా మూడు వేలకు పైగా చిన్న మడుల్లోకి ఆ నీరు చేరుతుంది. ఇన్కాల కంటే ముందునుంచీ ఉన్న పని ఇది, ఇప్పటికీ ఆ ఊరి కుటుంబాలే చేసుకుంటున్నాయి. మడుల్లోకి దిగనివ్వరు, గట్టు మీది నుంచే చూడాలి. మొరాయ్‌లో వలయాలు వలయాలుగా లోతుకు దిగే మెట్ల పొలాలుంటాయి. పై మెట్టుకూ అడుగుకూ వేడిలో తేడా ఉంటుంది కాబట్టి ఏ పంట ఎక్కడ పండుతుందో చూసుకునే ప్రయోగ క్షేత్రమని కొందరి అభిప్రాయం.

ఒయంతాయ్‌తాంబోకు ఒక పూటంతా ఇవ్వండి, వీలైతే రాత్రి ఆ ఊళ్ళోనే ఉండండి. ఇన్కాలు వేసిన వీధుల్లో, వాళ్ళు తవ్విన కాలువల పక్కన జనం ఇప్పటికీ కాపురాలు చేస్తున్న ఊరు అది. 1537లో ఇన్కా రాజు మాంకో ఇన్కా ఇక్కడ స్పానిష్ సేనను ఎదుర్కొని, మైదానంలోకి నది నీళ్ళు మళ్ళించి వెనక్కి తరిమాడు.

కొండ పైన సూర్యాలయం దగ్గర ఆరు నిలువు రాళ్ళు నిలబడి ఉంటాయి. వాటి ముందు ఫొటో దిగి వెళ్ళిపోకుండా దగ్గరికెళ్ళి వాటి మధ్య దర్జులు చూడండి. రెండు పెద్ద రాళ్ళ మధ్య సన్నని పలకల్లాంటి రాళ్ళు నిలువునా బిగించి ఉంటాయి. సున్నం లేదు, అడుసు లేదు. రాయి ముఖం మీద అక్కడక్కడ చిన్న బొడిపెలు మిగిలి ఉంటాయి. రాయిని ఎత్తి కూర్చోబెట్టేటప్పుడు పట్టు కోసం వాటిని వదిలారని చాలామంది అంటారు. రాయి అంచు దగ్గర చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి, లోపలికంటే అంచున ఇంకా చిన్నవిగా ఉంటాయి. ఇనుము లేని ఆ మనుషులు గట్టి గులకరాళ్ళనే సుత్తులుగా పట్టి, అంచు దగ్గరికొచ్చేసరికి చిన్న రాయితో నెమ్మదిగా కొట్టిన దెబ్బలు అవి. ఇప్పుడు వెనక్కి తిరిగి నదికి అవతలి కొండ చూడండి. ఈ గులాబీ రంగు రాయి వచ్చింది అక్కడి కాచికాతా క్వారీ నుంచి. కొండ దించి, నది దాటించి, మళ్ళీ ఈ కొండ ఎక్కించారు. దారిలో వదిలేసిన రాళ్ళు ఇప్పటికీ పొలాల్లో పడి ఉన్నాయి. గైడ్‌ను ఆ దారి వేలుపెట్టి చూపించమని అడగండి. ఇంత విడమరిచి చూసిన తర్వాత మాచు పిచ్చులో మీ కళ్ళు వేరుగా పనిచేస్తాయి.

8. మాచు పిచ్చు రోజు

ముందు రోజు సాయంత్రానికే ఆగువాస్ కాలియెంతెస్ చేరి, తెల్లవారుజాము బస్సెక్కండి. ఒరిజినల్ పాస్‌పోర్ట్ చేతిలో ఉండాలి, ఫొటోకాపీ చూపిస్తే కుదరదు. టాయిలెట్లు గేటు బయటే ఉంటాయి. పెద్ద బ్యాగులు, డ్రోన్లు, ట్రైపాడ్‌లు, రబ్బరు మొన లేని చేతికర్రలు లోపలికి రానివ్వరు. ఈ కట్టుదిట్టానికి కారణాలున్నాయి. 2000లో ఒక ప్రకటన చిత్రీకరణలో క్రేన్ పడి ఇన్కాలు చెక్కిన ఇంతివతానా అనే పవిత్ర శిల అంచు విరిగింది. ఆ గాయాన్ని ఇక పూడ్చలేరు.

పొద్దున్నే మబ్బు కమ్మి ఏమీ కనిపించకపోతే కంగారు పడకండి, చాలాసార్లు కాసేపటికి విడిపోతుంది. ఆ సమయంలో గైడ్ చేత నీళ్ళ సంగతి చెప్పించుకోండి. 15వ శతాబ్దం మధ్యలో ఇన్కా చక్రవర్తి పచకూతి కాలంలో కట్టిన ఈ ఊరు ఇన్ని వానలకు జారిపోకుండా నిలిచింది నేల కింద చేసిన పని వల్లే. మెట్ల పొలంలో పైన సారవంతమైన మట్టి, దాని కింద ఇసుక, గులక, అడుగున రాళ్ళు పరిచారు. వాన నీరు ఆగకుండా దిగిపోతుంది. ఊట నుంచి వచ్చిన మంచినీరు పదహారు ధారలుగా ఒకదాని కింద ఒకటి దిగుతుంది. సూర్యాలయం కిటికీ జూన్ అయనాంతపు పొద్దుకు ఎదురుగా ఉంటుంది. తలుపులు, గూళ్ళు పైకి సన్నబడి, గోడలు లోపలికి వాలి ఉండటం భూకంపాలను తట్టుకోవడానికి పనికొస్తుంది.

గైడ్ చెప్పడం రెండు గంటల్లో అయిపోతుంది. గ్రూపు బయల్దేరినా, మీ సర్క్యూట్ దారిలో ముందుకు పోతూ కాసేపు నిదానించండి. వెనక్కి నడవనివ్వరు కాబట్టి నచ్చినచోట అప్పుడే ఆగాలి.

9. తర్వాత కుస్కో

ఇప్పుడు కుస్కో ఎత్తు మిమ్మల్ని అంతగా బాధించదు. కోరికాంచలో ఇన్కాల సూర్యాలయం గోడల మీదే స్పానిష్‌వాళ్ళు సాంతో దొమింగో మఠం కట్టారు. 1950 భూకంపంలో మఠం చాలా భాగం కూలింది, కింది ఇన్కా గోడలు నిలిచాయి. సక్సయ్‌వామాన్‌లో వంద టన్నులు దాటే రాళ్ళున్నాయి. ఇప్పుడు మిగిలింది ఒకప్పటి కోటలో కొంతే, చిన్న రాళ్ళను కుస్కో చర్చీలకూ ఇళ్ళకూ మోసుకుపోయారు. కాసా కోంచా మ్యూజియానికి తక్కువమంది వెళ్తారు, మీరు వెళ్ళండి. బింగమ్ మాచు పిచ్చు నుంచి తీసుకెళ్ళినవి, యేల్ విశ్వవిద్యాలయం 2011 నుంచి తిరిగి ఇచ్చినవి అక్కడే ఉన్నాయి. పెరూ ప్రజలు ఏళ్ళ తరబడి పోరాడి తెచ్చుకున్న వస్తువులు అవి.

10. ఎత్తు కొండలు చివర్లోనే

వినికుంకా రంగుల కొండ 5,036 మీటర్లు. కుస్కో నుంచి తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకే బయల్దేరాలి. మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళకు పాల్కోయో నయం, అక్కడ నడక చాలా తక్కువ. అయినా ఎత్తు మాత్రం దాదాపు అంతే, కాబట్టి వారం అలవాటుపడ్డాకే వెళ్ళాలి. సమయం ఉన్నవాళ్ళకు నా సిఫారసు చోకేకిరావ్. అపూరిమాక్ నది లోయలోకి నిలువునా దిగి, అవతలి కొండ ఎక్కితే వచ్చే మహానగరం. పోను రాను కలిపి నాలుగైదు రోజుల నడక. ఇంకా చాలా భాగం అడవి కిందే ఉంది. మెట్ల పొలాల గోడల్లో తెల్లరాళ్ళతో పొదిగిన లామా (ఒంటె జాతి జంతువు) బొమ్మలు కనిపిస్తాయి. మాచు పిచ్చు రద్దీలో వందో వంతు కూడా అక్కడ ఉండదు.

తిండి, బట్టలు, తిరుగు ప్రయాణం

శాకాహారులు ఇబ్బంది పడక్కర్లేదు గానీ అడిగి తినాలి. "సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో" అంటే మాంసం, కోడి, చేప లేకుండా అని. కీన్వా సూప్ చూడ్డానికి శాకాహారంలాగే ఉన్నా చాలాచోట్ల కోడి రసంలోనే ఉడికిస్తారు, "కాల్దో దె పోయో" కలిసిందా అని ప్రత్యేకంగా అడగండి. రకరకాల బంగాళాదుంపలు, పెద్ద గింజల మొక్కజొన్న కంకి మీద జున్ను, అవకాడో అన్నిచోట్లా దొరుకుతాయి. కారం కావాలంటే రొకోతో మిరపకాయ పచ్చడి అడగండి, మన నాలుకకు సరిపోతుంది. ట్రెక్ కంపెనీకి ముందే చెబితే నాలుగు రోజులూ శాకాహారమే వండిపెడతారు.

పగలు ఎండ చుర్రుమంటుంది, జూన్, జూలై రాత్రులు సున్నా డిగ్రీల దగ్గరికి పడతాయి. ఒక్క మందపాటి కోటుకంటే పొరలు పొరలుగా వేసుకునే బట్టలు మేలు. సన్‌స్క్రీన్, టోపీ, వానకోటు, ముందే నాలుగు రోజులు తొడిగి అలవాటు చేసుకున్న బూట్లు ఉండాలి. కొత్త బూట్లతో ట్రెక్‌కు పోకండి.

ట్రెక్ చివరి రాత్రి పోర్టర్లకు, వంటమనిషికి టిప్ ఇచ్చే పద్ధతి ఉంది. గ్రూపంతా కలిపి వేసుకుని, చిన్న నోట్లుగా మార్చి, ఎవరిది వాళ్ళ చేతికే ఇవ్వండి. చించెరోలో నేత బట్ట కొంటే నేసిన అమ్మ దగ్గరే కొనండి. కాక్టస్ మీది పురుగుల నుంచి ఎర్ర రంగు ఎలా తీస్తారో ఆమే చేసి చూపిస్తుంది.

విమానం ఎక్కేముందు బ్యాగులో కోకా ఆకులు, కోకా టీ ప్యాకెట్లు, కోకా చాక్లెట్లు ఏవీ లేకుండా చూసుకోండి. పెరూలో అవి మామూలు సరుకు, ఇండియాలో, అమెరికాలో చట్టవిరుద్ధం. ఎల్లో ఫీవర్ కార్డును చెకిన్ బ్యాగేజీలో వేసేయకుండా పాస్‌పోర్ట్‌తోపాటే చేతిలో ఉంచుకోండి.